కొనని లెక్క

పిల్ల మూడో తరగతి నోట్‌బుక్కు
వెనకనుంచి తెరిస్తె నాది.
ముందటి దిక్కు హెచ్చవేతలు, టీచరు ఎర్రసిరా గీతలు,
వెనక దిక్కు
నేను కొననియి.

కొన్నయి అందరు రాస్తరు.
పాలాయన రాస్తడు, కిరాణకొట్టాయన రాస్తడు,
నేను రాసేదేముంది?
ఒకనాడు మిర్యాలగూడ అంగట్ల
మూతున్న స్టీలు గిన్నె చేతిలవట్టి
మూడుసార్లు తిప్పి చూసి
మల్ల ఆడనే పెట్టి వచ్చిన.
ఇంటికొచ్చి బువ్వ ముందట కూసున్నంక గూడ
అది నా చేతిలనే ఉన్నట్టున్నది.
బరువు దిగుతదేమో అని రాసిన:
గిన్నె, రెండువందల అరవై. కొనలే.

గట్ల మొదలైంది.

మా ఆయనది మిల్లుల బాయిలర్ కాడ పని.
ఐదో తారీకు జీతం, మిల్లాయన మనసు మంచిగ లేకుంటె తొమ్మిది.
ఒళ్లంత ఊక వాసనతోని వస్తడు,
ఆయన కాళ్లు కడుక్కునే లోపల్నే
ఇంటి కిరాయి గడప దాటిపోతది.
మిగిలినయి నా చేతిల వెట్టి
"జర చూసుకో" అంటడు.
ఆ జరల
ముప్పై రోజులుంటయి.

మిల్లు నూకలు సగం ధరకు దొరుకుతయి.
పొద్దుగాల ఉప్మా, రాత్రికి జావ,
నానవోసి రుబ్బితె దోశ గూడ లేస్తది,
కాకపోతె పెనానికి పానం ఇచ్చి అతుక్కుంటది.
"అమ్మా, బియ్యం ఎందుకు ఇరుగుతయే?"
అని అడుగుతడు చిన్నోడు.
మిషన్ల వడ్డంక అన్ని నిండుగ రావు బిడ్డా,
తిను.

అంగడికి పొద్దూకినంకనే పోత.
తట్టలు సదురుకునే యాళ్లకు
టమాటలు కుప్ప పది రూపాలు.
మెత్తగైనయి నేను పక్కకు ఏరుతుంటె
అమ్మే ఆమె అటు మల్లి చూస్తది.
ఆమె నోట్‌బుక్కు ఎట్లుంటదో.

మొన్న కరెంటు పోయిన రాత్రి
పిల్ల బడి ఫారం నింపుదామని
పెన్ను దేవులాడుకుంట నా పుస్తకం తీసిండు లింగస్వామి.
ఫోను లైటు వెలుగుల వెనకనుంచి చదివిండు.
పట్టుచీర కాదు, పట్టుచీర లెక్క మెరిసేది, కొనలే.
మిక్సీ జారు, కొనలే. ఉన్నదానికే రబ్బరు మార్పిచ్చిన.
యాపిల్ పండ్లు, కొనలే. జామకాయలు తెచ్చిన.
నల్లగొండకు పోయొచ్చిన జీరో టికెట్లు
అన్నం మెతుకుతోని అతికిచ్చినయి.

అన్నీ కలిపిండు.
"ఇరవై రెండువేల మూడువందల డెబ్బయి!
ఏడ దాచినవే?"
నిజంగనే పప్పుడబ్బా దిక్కు చూస్తుండు.

నాకు నవ్వాగలే.
దాచుడేంది?
పిల్ల కాళ్లకు బూట్లున్నయి చూడు.
చిన్నోని జెరానికి ఎక్కిచ్చిన సీసాల ఉన్నయి.
మొన్న మిల్లు బందువెట్టి పదకొండు రోజులు
గోడకానుకొని కూసొని తిన్నవు గద,
గది గిదే.

ఆయన ఏమనలే.
మల్లొకసారి కలిపిండు.
గదే వచ్చింది.
తర్వాత పెన్ను దొరికిచ్చుకొని
నా రాత కింద, వంకర అక్షరాలతోని,
"చెప్పులు. మూడువందలు. కొనలే"
అని రాసి పుస్తకం మూసిండు.
తెల్లారి మిల్లుకు పోతుంటె చూసిన,
ఎడమకాలి చెప్పుకు బట్టపేలిక ముడి.
ఎన్నాళ్లసంది ఉన్నదో.

ఇగ ఒక్కటున్నది, రాయనిది.
నల్లగొండ బస్టాండ్ల
ఒక్కదాన్నే నిలవడి తిన్న మిరపకాయ బజ్జీలు.
నాలుగు. ముప్పై రూపాలు.
నాలుక కాలింది, కంట్లెకెల్లి నీళ్లొచ్చినయి,
ఒక్కటి గూడ పిల్లలకు తేలే.
కొంగుతోని మూతి తుడుసుకొని
జీరో టికెట్ బస్సెక్కి
కిటికీ పక్కకు కూసున్న, రాణి లెక్క.

దాన్ని
పుస్తకంల ఏ దిక్కునుంచి రాయాల్నో
ఇంకా తెలుస్తలేదు.